మూగవోయిన యంత్రమునకు మాట తెప్పించుట



మన సంఘమువారి చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి పాఠశాలలు మూడింటియందును కంప్యూటర్లు నోరు మెదపక మొండికెత్తిన సంగతి మీలో పలువురు ఎరిగినదే. ఆ విషయమై నిరుడు జరిగిన తల్లిదండ్రుల సమావేశమున కొంత వాదము నడచినది. "ఉచితముగా దొరకిన వ్యవస్థ గనుకనే పలుకుట లేదు. ఇంటికింత వేసికొందము, డబ్బు పెట్టి కొన్నదానినే పెట్టింపుడు" అని కొందరు పెద్దలు సెలవిచ్చిరి. వారి ఆవేదన న్యాయమైనదే. ఆనాడు మాకు జవాబు తెలియదు. తెలియని ప్రశ్నకు తెలిసినట్లు జవాబు చెప్పుట ఉపాధ్యాయులకు తగదు గనుక గడువు కోరితిమి. ఆ జవాబు ఈ సంచికలో వ్రాయుచున్నాము.

మేము కంప్యూటరు శాస్త్రము చదివినవారము కాము. ముప్పది ఏండ్లుగా తెలుగును, సాంఘిక శాస్త్రమును బోధించుచు వచ్చినవారము. ఇందలి విషయమంతయు ఎనిమిది నెలలలో నేర్చుకొన్నది. సగము పుస్తకములవలన, సగము మా తప్పులవలన నేర్చుకొన్నది. కావున చదువరులు మమ్ము పండితులనుకొనక, తమకంటె నాలుగడుగులు ముందు నడచి, ముల్లు గ్రుచ్చుకొన్నచోటు చూపుచున్న తోడివారిగా భావింపవలెనని ప్రార్థన.

కంప్యూటరు పలుకకపోయిన కలుగు నష్టమేమి అని అడుగువారు కలరు. మన తాలూకాలలో బిడ్డ ఇంట తెలుగు మాటలాడును, అంగడిలోను కచ్చేరిలోను కన్నడము వినును, పెద్ద చదువులకు ఇంగ్లీషు నేర్చును. మూడు భాషలు వచ్చుట భాగ్యమే. అయినను పుస్తకములోని తెలుగును స్పష్టమైన ఉచ్చారణతో వినుటకు ఆ బిడ్డకు దొరకు అవకాశములు తక్కువ. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు విద్య గరపుటకు రాష్ట్రములు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని మన రాజ్యాంగమునకు 1956లో చేర్చిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. చట్టము సౌకర్యమును చెప్పినదే కాని ఉపాధ్యాయుని పుట్టింపజాలదు. మా తెలుగు ఉపాధ్యాయుడు సెలవు పెట్టిన దినమున ఆ తరగతికి పాఠము వినిపించునది ధ్వనిముద్రణయే. యంత్రము మూగయైనచో ఆ దినము వ్యర్థము.

ఇంతకంటె ముఖ్యమైన కారణము మరియొకటి కలదు. బాగేపల్లి పాఠశాలలో ఏడవ తరగతి చదువుచున్న ఒక బాలికకు పుట్టుకనుండి చూపు లేదు. పేరు వ్రాయుట ఉచితము కాదు. తెరమీద ఉన్న వ్రాతను పైకి చదివి వినిపించు 'ఓర్కా' అను సాధనము, ఆ చదువుటకు కంఠమునిచ్చు 'ఈస్పీక్' అను సాధనము ఉచిత వ్యవస్థలలో లభించును. రెండవదానికి తెలుగు చదువుట కూడ వచ్చును. కంఠము యంత్రకంఠమే, ఇనుప రేకుమీద గోటితో గీసినట్లుండును. అయినను బాలికకు అదియే కన్ను. సమావేశమున ఆమె తండ్రి లేచి, "అయ్యా, మిగిలిన పిల్లలకు శబ్దము లేకపోతే పాట పోతుంది. మా బిడ్డకు పుస్తకమే పోతుంది" అనెను. ఆ మాటకు సభలో ఎవరును బదులు చెప్పలేదు. మేమును చెప్పలేదు.

ఇక విషయములోనికి వత్తము. శబ్దమనగా గాలి కంపించుట. మైకు ఆ కంపమును విద్యుత్తుగా మార్చును. కంప్యూటరునకు అంకెలు తప్ప మరేమియు తెలియవు గనుక ఆ విద్యుత్తును అంకెలుగా మార్చవలెను. పాటల సీడీలలో ఒక్క సెకనుకు 44,100 మార్లు ఆ కంపమును కొలిచి, ప్రతి కొలతను 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టుగా వ్రాసికొందురు. కుడి ఎడమలకు వేరువేరుగా ఇట్లు వ్రాసినచో ఒక నిమిషము పాటకు కోటికి మించిన బైట్లు కావలెను. పాట వినిపించునపుడు దీనికి విలోమముగా జరుగును: అంకెలు విద్యుత్తగును, విద్యుత్తు స్పీకరులోని పొరను కదలించును, పొర గాలిని కదలించును. అంకెలను విద్యుత్తుగాను, విద్యుత్తును అంకెలుగాను మార్చు భాగమే సౌండు కార్డు. పూర్వము అది వేరొక పలకగా వచ్చి పెట్టెలో గ్రుచ్చబడెడిది. నేడు చాలవరకు గోరంత చిప్పగా ముఖ్యఫలకముమీదనే అతికింపబడి వచ్చుచున్నది.

ఇప్పుడు డ్రైవరనగా నేమి? బస్సు తోలువాడు కాడు. చింతామణి సంతకు మన పల్లెనుండి వేరుసెనగ తెచ్చిన ముసలి రైతును తలచుకొనుడు. ఆయనకు తెలుగు తప్ప రాదు. ఎదుట కూర్చున్న అధికారికి కన్నడము తప్ప రాదు. ఇద్దరికిని పని తెలియును, ఇద్దరికిని చెవులు కలవు, అయినను బేరము సాగదు. నడుమ రెండు భాషలు తెలిసిన దుబాసీ నిలుచున్న క్షణమున అంతయు చక్కబడును. కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టము అధికారి. సౌండు కార్డు రైతు. డ్రైవరు ఆ దుబాసీ. కార్డులు చేయు కంపెనీలు అనేకములు. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క యాసలో మాటలాడు చిప్పను చేయును. ఆ యాస ఎరిగిన దుబాసీ లేనియెడల కార్డు ఎంత మంచిదైనను మూగదే. మన కంప్యూటర్లు మూగవోయినవని చెప్పితిమి. నిజమునకు అవి మూగవి కావు. వాటి మాట చేరవలసిన చోటికి చేరలేదు.

డబ్బు పెట్టి కొను వ్యవస్థలకు కార్డు చేసిన కంపెనీవారే సాధారణముగా డ్రైవరు వ్రాసి ఇత్తురు. లినక్సు వంటి వ్యవస్థ కథ వేరు. ఫిన్లండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియైన లినస్ టోర్వాల్డ్స్ 1991లో దీని మూలబీజమును వ్రాసి, వ్రాసినదంతయు ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పంచిపెట్టవచ్చునను షరతుతో విడుదల చేసెను. ఆ బీజమునే కెర్నెలందురు. అప్పటికి సింగపూరునందలి క్రియేటివ్ కంపెనీవారి సౌండు బ్లాస్టరు కార్డు, 1989లో వచ్చినది, లోకమంతట వ్యాపించియుండెను. లినక్సునకు దాని భాష తెలియదు. హన్ను సవోలైనెన్ అను మరియొక ఫిన్లండువాడు 1992 ప్రాంతమున ఆ కార్డునకు డ్రైవరు వ్రాసెను. అది పెరిగి లినక్సు శబ్దవ్యవస్థకు మొదటి పునాది అయ్యెను. పిమ్మట చెక్ దేశీయుడైన యారోస్లావ్ కీసెలా తన దగ్గరనున్న వేరొక కార్డుకు చక్కని డ్రైవరు లేకపోవుటచే 1998 ప్రాంతమున కొత్త పద్ధతి ప్రారంభించెను. దానికి 'ఆల్సా' అని పేరు. 2003 డిసెంబరున వెలువడిన 2.6 కెర్నెలులో ఆల్సా చేరి నేటికిని అడుగుపొరగా పనిచేయుచున్నది. తన ఇంటి కార్డు పలుకలేదని ఒకడు కూర్చుండి వ్రాసిన పని, ఇరువది ఏండ్ల తరువాత బాగేపల్లి పిల్లకు ఉపకరించినది. చరిత్ర పాఠములలో రాజుల యుద్ధములే కాక ఇట్టివియు చేర్చదగినవని మాకు తోచుచున్నది.

ఆల్సా ఒక్కటియే చాలదు. పాటయు, ఓర్కా కంఠమును, పాఠము చెప్పు చిత్రమును ఒకేమారు పలుకవలెనన్నచో వాటిని కలిపి, ఏది ఎంత బిగ్గరగా, ఏ స్పీకరునకు పోవలెనో నిర్ణయించు పెద్ద ఒకడు పైన కావలెను. ఈ పని కొంతకాలము 'పల్సు ఆడియో' చేసినది. కొత్త వ్యవస్థలలో 'పైప్‌వైరు' చేయుచున్నది. కావున శబ్దము రాకపోవుటకు కారణము మూడంతస్తులలో ఎచటనైనను ఉండవచ్చును: క్రింద కార్డు, నడుమ డ్రైవరు, పైన ఈ పెద్ద. ఏ అంతస్తులో దీపమారినదో తెలిసికొనకయే అన్ని గదులలోను నూనె పోసిన వారము మేము.

చిక్కబళ్లాపురము పాఠశాల సంగతి మొదట చెప్పి ముగింతుము, ఏలననగా అది మిక్కిలి సులభమైనది. కొత్త తెర తెచ్చి పెట్టిన దినమునుండి అచటి కంప్యూటరు పలుకుట మానినది. తెరకును పెట్టెకును నడుమనున్న హెచ్.డి.ఎం.ఐ. తీగ బొమ్మనే కాక శబ్దమునుకూడ మోసికొని పోగలదు. పైనున్న పెద్దమనిషి కొత్త తెరను చూచి, శబ్దమంతయు అచటికి పంపుచుండెను. ఆ తెరకు స్పీకర్లే లేవు! సెట్టింగులలో 'సౌండు' అను పుట తెరచి, శబ్దము పోవలసిన స్థానముగా హెచ్.డి.ఎం.ఐ.కి బదులు మామూలు స్పీకరును ఎన్నుకొన్నంతనే పాట వచ్చినది. ఈ పనికి పట్టిన కాలము అర నిమిషము. దానిని కనుగొనుటకు పట్టిన కాలము పదునొకండు దినములు.

చింతామణిలో జరిగినది చెప్పుటకు కొంత సిగ్గుగా నున్నది. అచట శబ్దము రాకపోగా, స్పీకర్లు చెడిపోయినవని మేమే నిర్ణయించి, తొమ్మిది వందల రూపాయలు పెట్టి కొత్తవి కొనిపించితిమి. అవియు పలుకలేదు. తరువాత 'ఆల్సామిక్సరు' అను సాధనము తెరచి చూచితిమి. అది నల్లని తెరమీద నిలువు గొట్టములవరుసగా కనబడును. ఒక్కొక్క గొట్టము ఒక్కొక్క శబ్దమార్గము. గొట్టము అడుగున ఎం అను ఇంగ్లీషు అక్షరము రెండుమార్లు కనబడినచో ఆ మార్గము మూయబడినదని అర్థము; కీలుపలకమీద అదే అక్షరము నొక్కినచో తెరచుకొనును. మా గొట్టములన్నియు తెరచియే ఉన్నవి. అయినను నిశ్శబ్దము.

అపుడు ఎనిమిదవ తరగతి బాలుడొకడు, "సార్, ముందర హెడ్‌ఫోను పెట్టే కన్నంలో ఏదో ఉంది" అనెను. వంగి చూచితిమి. ఎవరిదో హెడ్‌ఫోను తీగ లాగుటలో ముల్లు విరిగి, దాని కొన లోపలనే నిలిచిపోయినది. హెడ్‌ఫోను పెట్టినప్పుడు బయటి స్పీకర్లు తమంతట తామే మౌనము వహించునట్లు ఈ చిప్పలలో ఒక ఏర్పాటు కలదు. దానికి 'ఆటో మ్యూట్' అని పేరు. విరిగిన ముల్లును చూచి కంప్యూటరు, ఎవరో చెవులకు తగిలించుకొని వినుచున్నారని భ్రమించి, మర్యాదగా స్పీకర్లను మూసివేసినది. ఆల్సామిక్సరులో కుడివైపునకు జరిగి ఆటో మ్యూటును ఆపివేయగానే పాత స్పీకర్లును పలికినవి, కొత్తవియు పలికినవి. మరునాడు బస్టాండు దగ్గర గడియారములు బాగుచేయు ఆయన సన్నని పట్టుకారుతో ఆ ముల్లు తీసి, కూలి పుచ్చుకొనక పంపెను. కొత్త స్పీకర్లు ఇప్పుడు ప్రార్థనకు వాడుచున్నాము. తొమ్మిది వందల రూపాయల లెక్క సంఘమువారికి అప్పగించితిమి.

ఇక బాగేపల్లి.

అచటిది దాత ఒకరు ఇచ్చిన ల్యాప్‌టాపు. అందులో మేము డెబియను అను లినక్సు వ్యవస్థను పెట్టితిమి. పెట్టుటకు వాడిన పెన్‌డ్రైవు ఒక మిత్రుడు ఎన్నడో తయారుచేసి ఇచ్చినది. డెబియను 11వ విడుదల. సెట్టింగులలో శబ్దస్థానముగా 'డమ్మీ అవుట్‌పుట్' అను ఒక్క పేరే కనబడెను. డమ్మీ అనగా ఉత్తుత్తిది. అసలు కార్డు ఏదియు కనబడనపుడు పైనున్న పెద్ద ఊరకుండలేక గాలిలో ఒక కార్డును కల్పించుకొని శబ్దమంతయు దానిలో పోయును. ఈ మాట కనబడినచో స్పీకర్లను, తీగలను, గొట్టములను పరీక్షించుట వృథాశ్రమ. లోపము క్రింది అంతస్తులలోనిది. ఇది మాకు అపుడు తెలియదు.

తెలియక చేసినదేమనగా, ఇతరులు తమ తమ యంత్రములకు వ్రాసికొన్న మందులన్నియు మా యంత్రమునకు త్రాగించితిమి. ఒక పాత సలహా ప్రకారము చిప్ప నమూనా పేరు సూచించు వాక్యము నొకదానిని డ్రైవరుల సెట్టింగు ఫైలులో చేర్చితిమి. ఫలము లేదు. మరియొక నమూనా పేరు వ్రాసితిమి. ఫలము లేదు. ఇట్లు ఏడెనిమిది. కార్డే కనబడనపుడు కార్డునకు ఏ నమూనా పేరు పెట్టిననేమి? ఇంట బిడ్డ లేకుండగనే బారసాల చేసినట్లయినది.

చూపున్నవారికి ఇట్టి పనిలో ఒక సౌలభ్యము కలదు. శబ్దము చెడినను తెర కనబడుచుండును గనుక చదువుచు దిద్దుకొందుము. ఆ బాలికకు శబ్దమే తెర. చెడిన సాధనమును దిద్దుటకు వలసిన సాధనము ఆ చెడినదే. పక్కన ఎవరైన చూపున్నవారు కూర్చుండి తెర చదివి చెప్పిన తప్ప ఆమె తన యంత్రమును తాను బాగుచేసికొనలేదు. ఆ దినములలో ఆమె మా వెనుక నిలుచుండి, "ఇప్పుడేమని రాసుంది సార్?" అని మాటిమాటికి అడుగుచుండెడిది. మేము చదివి చెప్పుచుంటిమి. ఆమెకు చదివి వినిపించుటవలననే ఒక మేలు కలిగినది: అంతవరకు కన్ను జారవిడిచి దాటవేసిన పంక్తులను అక్షరమక్షరము పలుకవలసి వచ్చెను.

అట్లు పలికిన పంక్తులలోనే రోగము బయటపడినది. కంప్యూటరు మేల్కొనునపుడు తాను చేయు ప్రతిపనిని ఒక దినచర్యగా వ్రాసికొనును. డి, ఎం, ఇ, ఎస్, జి అను ఐదు ఇంగ్లీషు అక్షరములు కలిపి ఆజ్ఞగా ఇచ్చినచో ఆ దినచర్య చూపును. దానిని చూచుటకు యజమాని అనుమతి, అనగా పాస్‌వర్డు, అడుగవచ్చును. అందులో ఒకచోట ఫర్మువేరు అను ఫైలును కోరితిననియు, దొరకలేదనియు, తప్పు సంఖ్య మైనస్ 2 అనియు ఉన్నది. లినక్సు పరిభాషలో 2 అనగా అట్టి ఫైలు లేదని అర్థము. అనగా డ్రైవరు ఉన్నది, కార్డును గుర్తించినది, పలుకరించినది, పలుకరించుటకు వలసిన ఇంకొక వస్తువు లేక వెనుదిరిగినది.

ఆ వస్తువేమి? కొత్త ల్యాప్‌టాపులలో శబ్దమును చూచుకొనుటకు ముఖ్య చిప్పలోపలనే ఒక చిన్న గణకయంత్రము ప్రత్యేకముగా ఉండును. దానికి దాని సొంత ప్రోగ్రాము కావలెను. ఆ ప్రోగ్రామునే ఫర్మువేరందురు. మేల్కొన్న ప్రతిమారు డ్రైవరు ఆ ప్రోగ్రామును దాని నోట పెట్టవలెను. పాలు పట్టని పసిబిడ్డవలె అది అంతవరకు కదలదు. ఇంటెలువారి యంత్రములకు 'సౌండ్ ఓపెన్ ఫర్మువేరు' అను పేర అది లభించును. దాని మూలరచన అందరికి తెరచియే ఉన్నది. అయినను పెక్కు ల్యాప్‌టాపులు కంపెనీ ముద్ర పడిన ప్రతిని మాత్రమే అంగీకరించును. అట్టివాటిని డెబియనువారు తమ నియమమును బట్టి వేరే అరలో పెట్టి, వ్యవస్థను పెట్టు మామూలు పెన్‌డ్రైవులో చేర్చెడివారు కారు. దీనివలన మావంటివారు పడు బాధలను గుర్తించి, 2022లో వారిలో వారు ఓటు వేసికొని, 2023 జూనులో వెలువడిన 12వ విడుదలనుండి ఫర్మువేరునుకూడ చేర్చిరి. మా పెన్‌డ్రైవు 11వది. ఒక్క విడుదల వెనుకబడుటచే మూడు నెలలు మూగతనము.

బాగేపల్లి పాఠశాలలో అపుడు ఇంటర్నెట్టు లేదు. ఫర్మువేరు తెచ్చుటకు చిక్కబళ్లాపురము పోవలెను. మరునాటి పరీక్షకు బాలిక అభ్యాసము చేయవలెను. ఒక ఉపాయము చేసితిమి. ఆ చిన్న గణకయంత్రమును తట్టి లేపక, పాత పద్ధతి డ్రైవరుతోనే పనిచేయుమని ఆజ్ఞాపించు వాక్యమొకటి కలదు. డి.ఎస్.పి. డ్రైవరు అని వ్రాసి సమానార్థక చిహ్నము ఉంచి 1 అని వేయవలెను. ఆ వాక్యము చేర్చి యంత్రమును ఆపి మరల నడిపితిమి. ఆల్టు, విండోస్ గుర్తు మీట, ఎస్ మూడును కలిపి నొక్కి ఓర్కాను లేపితిమి. ఆ ఇనుపరేకు కంఠము ఒక్కసారిగా తెరమీది మాట చదివెను. "సార్, మాట్లాడతా ఉంది!" అని ఆ బాలిక కేకవేసెను. తరగతిలోని పిల్లలందరు పరుగెత్తుకొని వచ్చిరి. ఆ సాయంకాలము ఆమె సాంఘిక శాస్త్ర పాఠము నాలుగుమార్లు వినెను. విసుగెత్తి ఇంటికి పొమ్మన్నది మేమే.

ఇచట ఒక చిన్న ముచ్చట. ఓర్కా తెలుగు చదువవలెనన్నచో పాఠము యూనికోడు అను అంతర్జాతీయ అక్షరపట్టిక ప్రకారము వ్రాయబడి ఉండవలెను. పాత అచ్చు అక్షరములతో కూర్చిన పాఠములు కంటికి తెలుగుగా కనబడినను ఓర్కా వాటిని ఇంగ్లీషు చెత్తగా చదువును. ఆ యూనికోడు పట్టికలో తెలుగునకు 128 స్థానములు కేటాయించి, వెనువెంటనే కన్నడమునకు 128 స్థానములు కేటాయించిరి. బాగేపల్లి పొలిమేర అచటను తప్పలేదు.

పరీక్ష గడచినది. పని ముగిసినదని మేము సంతోషించితిమి, కాని ముగియలేదు. మన పిల్లలు తమ అవ్వతాతల మాటలను, పాటలను ధ్వనిముద్రణ చేయవలెనని తెలుగు ఉపాధ్యాయుడు ఒక పని పెట్టియుండెను. చింతామణి తాలూకాలోని కైవారమున వెలసిన యోగి నారేయణ, మనవారు కైవార తాతయ్య అందురు, తెలుగునను కన్నడమునను తత్త్వములు రచించిరి. వాటిని తన తల్లి పాడిన వరుసలో పాడగల అవ్వ ఒకరు పల్లెనుండి ఉదయపు బస్సుకు వచ్చిరి. యంత్రము ముందు కూర్చుండి పాడిరి. వెనుకకు త్రిప్పి విందుమన్నచో ఏమియు లేదు. పాత పద్ధతి డ్రైవరుతో స్పీకర్లు పలుకును గాని, ల్యాప్‌టాపులోనే అమర్చిన మైకు ఆ చిన్న గణకయంత్రముద్వారా తప్ప వినదు. మేము దానిని నిద్రపుచ్చితిమి గదా! అవ్వ మరల పాడిరి. మరల ఏమియు లేదు. "పోనీలే నాయనా, దానికి నా గొంతు నచ్చలేదేమో" అని నవ్వి, మధ్యాహ్నపు బస్సుకు పోయిరి. ఆ వయస్సువారిని రెండవమారు రమ్మనుటకు మాకు నోరు రాలేదు.

ఆ వారమే చిక్కబళ్లాపురమున ఇంటర్నెట్టు ఉన్నచోట ఫర్మువేరు ప్యాకేజీని పెన్‌డ్రైవులో నింపుకొని, జేబులో పెట్టుకొని బాగేపల్లి బస్సు ఎక్కితిమి. అదృష్టవశమున అది ఇతర ప్యాకేజీలేవియు కోరని ఒంటరి ప్యాకేజీ. దానిని నిలుపుకొలిపి, మునుపు చేర్చిన డి.ఎస్.పి. వాక్యమును తీసివేసి, యంత్రమును మరల నడుపగా, డమ్మీ మాయమై స్పీకరు, మైకు రెండును పేర్లతోసహా కనబడినవి. మా ఏడెనిమిది నమూనా వాక్యములను ఆనాడే తుడిచివేసితిమి. అవి ఉండినచో ఎన్నడో మరియొకరిని త్రోవ తప్పించును.

ఇక ఆ సమావేశపు ప్రశ్నకు జవాబు. డబ్బు పెట్టి కొన్న వ్యవస్థ ఉండినచో ఈ కష్టములు తప్పెడివా? చిక్కబళ్లాపురమున తప్పెడివి కావు. స్పీకర్లు లేని తెరకు శబ్దము పంపుట ఏ వ్యవస్థలోనైనను జరుగవచ్చును. చింతామణిలో విరిగిన ముల్లు ఏ వ్యవస్థ ఉన్నను విరిగిన ముల్లే. బాగేపల్లిలో బహుశః తప్పెడిది. అచట తల్లిదండ్రుల మాట నిజమని ఒప్పుకొనుచున్నాము. అయితే మరియొక లెక్క చూడుడు. మైక్రోసాఫ్టువారు విండోస్ 10కి సామాన్య సహాయమును 2025 అక్టోబరు 14తో ముగించిరి. విండోస్ 11 పెక్కు పాత యంత్రములను అంగీకరింపదు. మన మూడు పాఠశాలలలోని పెట్టెలు చాలవరకు అట్టి పాతవే. వ్యవస్థను కొనుటతోనే ఖర్చు ముగియదు, పెట్టెలనుకూడ మార్చవలెను. ఆ సొమ్ముతో బాగేపల్లికి ఇంటర్నెట్టు, రెండు మంచి మైకులు, చూపులేని పిల్లలకు హెడ్‌ఫోనులు వచ్చునని మా అంచనా. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏండ్లతరబడి లినక్సుతోనే పిల్లలకు కంప్యూటరు నేర్పుచున్నవి. మన దేశమందే సీ-డాక్ సంస్థ 2007లో బాస్ అను లినక్సు వ్యవస్థను విడుదల చేసినది. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో కనబడు వ్యవస్థకై పాటుపడిరి. మనము ఒంటరివారము కాము. నిర్ణయము మాత్రము మీది. రాబోవు సమావేశమున ఈ లెక్కను కాగితముమీద మీ ముందుంచెదము.

ఇంట పాత కంప్యూటరుండి, దానిలో లినక్సు పెట్టుకొని, శబ్దము రాక కష్టపడువారికి ఒక్క మాట. మాకు పదిమార్లు త్రోవ తప్పిన తరువాత తెలిసిన వరుస ఇది. మొదట తీగయు, కన్నమును చూడుడు. తరువాత సౌండు పుటలో శబ్దము ఎచటికి పోవుచున్నదో చూడుడు. అచట డమ్మీ అని ఉన్నచో పైపనులు మాని ఎల్, ఎస్, పి, సి, ఐ అను ఐదు అక్షరముల ఆజ్ఞ ఇండు; యంత్రమునకు కనబడుచున్న భాగముల పట్టికలో ఆడియో అను మాట ఉన్నదా చూడుడు. ఉన్నచో కార్డు ఉన్నట్లే. పిదప దినచర్య చదువుడు. డమ్మీ లేక కార్డు పేరు సక్రమముగా ఉన్నచో ఆల్సామిక్సరు గొట్టములు చూడుడు. ఒకటికంటె ఎక్కువ కార్డులున్నచో ఎఫ్6 మీటతో సరియైన కార్డును ఎన్నుకొనుడు. ఒక్కమారు ఒక్క మార్పే చేయుడు, చేసినది కాగితముమీద వ్రాసికొనుడు. క్రొత్తగా పెట్టుకొనువారు మావలె పాత పెన్‌డ్రైవు వాడక కొత్త విడుదలతో పెట్టుకొన్నచో ఫర్మువేరు బాధ చాలవరకు ఉండదు. అప్పటికిని పలుకనిచో దినచర్యలోని ఆ పంక్తులను వ్రాసికొని శనివారము మధ్యాహ్నము చిక్కబళ్లాపురము పాఠశాలకు రండు. మేమును, ముల్లును కనిపెట్టిన ఆ బాలుడును ఉందుము. వాడు ఇప్పుడు తొమ్మిదవ తరగతికి వచ్చి ఇచటి పాఠశాలలోనే చదువుచున్నాడు.

అవ్వను రెండవమారు రమ్మనుటకు మాకు నోరు రాలేదని వ్రాసితిమి. రమ్మనలేదు. సంక్రాంతి సెలవులలో ఆ ల్యాప్‌టాపునే తీసికొని, చూపులేని ఆ బాలికయు, ఆమె తండ్రియు, తెలుగు ఉపాధ్యాయుడును అవ్వ ఇంటికి పోయిరి. యంత్రము వినుచున్నదో లేదో చూడవలసిన పని బాలికది. అవ్వ రెండు పంక్తులు పాడగానే ఆపి, వెనుకకు త్రిప్పి, హెడ్‌ఫోనులో విని, "వచ్చింది అవ్వా, పాడు" అనినదట. మొత్తము నలుబది నిమిషముల ముద్రణ. నడుమ ఒక కోడి కూత, ఒక ట్రాక్టరు చప్పుడు ఉన్నవి. వాటిని తీసివేయవచ్చునని ఉపాధ్యాయుడు చెప్పెను. అవ్వ వలదనిరి.